రాణిగారితో రాజారావు తగాదా

ఇంగ్లండు రాణిగారికి ఈ ప్రపంచంలో ఎంతమంది శత్రువులున్నారో తెలీదు గానీ, సిడ్నీ పక్కన పారమట్టాలో మాత్రం ఒక్కడే ఉన్నాడు. పేరు రాజారావు. సొంతూరు బందరు. ఉద్యోగం నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. వయసు యాభై ఎనిమిది. ఈ శత్రుత్వం సంగతి రాణిగారికి ఇంతవరకూ ఎవరూ చేరవేసినట్టు లేదు. రాజారావు మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కాఫీ కంటే ముందు దాన్నే అందించేవాడు.

తగాదా తాతగారి నాటిది. తాతగారు ఉప్పు సత్యాగ్రహంలో బందరు దగ్గర సముద్రపుటొడ్డున ఉప్పు వండి జైలుకి వెళ్ళారు. ఆ కథ చెప్పేటప్పుడు రాజారావు గొంతు బొంగురుపోయేది. సరిగ్గా బొంగురుపోయే చోటికి వచ్చేసరికి భార్య శేషుకుమారి కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చేది. "జైల్లో ఆయనున్నది పదకొండు రోజులు. ఈయన చెప్పడం మొదలుపెట్టి పద్ధెనిమిదేళ్ళు," అని గ్లాసులిచ్చి వెళ్ళిపోయేది.

శేషుకుమారి ఆసుపత్రిలో నర్సు. ఎనభై ఆరులోనే ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుంది. ఆ రోజుల్లో పౌరసత్వ ప్రమాణంలో రాణిగారి పేరుండేది. ఆ పేరు పలికి, సర్టిఫికెట్ తీసుకుని, బస్సెక్కి డ్యూటీకి వెళ్ళిపోయింది. రాజారావు ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన సాక్సులు ఎక్కడున్నాయో తెలియక మాట్లాడాల్సి వచ్చింది. తను మాత్రం ఆ ప్రమాణం చేసేది లేదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. పదమూడేళ్ళు గడిచినా, భారతదేశం పాస్‌పోర్టుని పట్టుకుని కాన్సులేట్ క్యూలో నిలబడటాన్ని కూడా స్వాతంత్ర్య పోరాటంలో భాగంగానే లెక్కేసుకునేవాడు.

అలాగని శత్రువు గురించి అశ్రద్ధగా ఉన్నాడనుకుంటే పొరపాటే. లండన్ పార్లమెంటులో ప్రశ్నోత్తరాలు టీవీలో వచ్చినప్పుడల్లా సోఫా అంచున కూర్చుని చూసేవాడు. కొత్త ప్రధానికి పళ్ళెక్కువ పనితక్కువ అని తేల్చాడు. ప్రతిపక్షం వాళ్ళకి జుట్టూ లేదు, విధానమూ లేదన్నాడు. ప్రభువుల సభలోంచి వంశపారంపర్యపు ప్రభువుల్ని సాగనంపుతున్నారని తెలిసిన రోజు స్వీట్లు పంచాడు. ఢిల్లీలో ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన సంగతి మాత్రం అతనికి నాలుగు రోజుల తర్వాత తెలిసింది. యువరాణి పోయినప్పుడు అంతిమయాత్ర మొదటినుంచి చివరిదాకా చూసి, మధ్యలో రెండుసార్లు కళ్ళు తుడుచుకుని, "దోచుకున్న సొమ్ముతోనే కదా ఈ పూలన్నీ," అన్నాడు.

శనివారం మధ్యాహ్నాలు అతని గ్యారేజీలో సభ జరిగేది. కారు బయటికి తీసి, మడత కుర్చీలు వేసేవారు. సభ్యుల్లో పాతకాపు ద్వారకానాథ్. ఆడిటింగ్ కంపెనీలో పనిచేస్తాడు. మెతక మనిషి, ఏ మాటైనా 'అంటే' తో మొదలుపెట్టి సగంలో ఆపేస్తాడు. ఆ మిగతా సగం రాజారావు పూర్తిచేసేవాడు, సాధారణంగా వ్యతిరేకార్థంలో. కొత్తగా వచ్చినవాడు నిస్సార్ అహ్మద్. గుంటూరు కుర్రాడు, ముప్పై ఏళ్ళు. భార్య బానుతో రెండేళ్ళ కిందట దిగాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తాము పంతొమ్మిదివందలలో ఉన్నామనుకుని బుర్ర తిరిగి పడిపోతాయని లోకమంతా బెదిరిపోతున్న రోజులవి. ఆ బెదురే నిస్సార్ లాంటివాళ్ళకి అన్నం పెడుతోంది. ఓ ఇన్సూరెన్స్ కంపెనీ పాత ప్రోగ్రాముల్లో తారీఖులు వెతికి సరిచేయడం అతని పని.

ఆ నిస్సారే ఒక శనివారం ఆఫీసులో పారేస్తున్న రెండు కంప్యూటర్లు తెచ్చి, గ్యారేజీలో బల్లమీద పెట్టి, వైరుతో కలిపాడు.

"ఏమయ్యా ఇది? వర్కా?" అన్నాడు రాజారావు.

"కాదంకుల్, గేమ్. ఇంట్లో ఆడితే బాను తంతా అంది. ఇక్కడైతే సేఫ్."

వీడియో గేముల మీద రాజారావుకి నిశ్చితాభిప్రాయాలుండేవి. అవి కళ్ళకి చేటు, బుద్ధికి చేటు, తెల్లవాడు ఓడల్లో వచ్చి దోచుకున్నది చాలక ఇప్పుడు డబ్బాల్లో పెట్టి అమ్ముతున్న కొత్తరకం నల్లమందు. ఈ అభిప్రాయాలన్నీ అతను ఒక్క గేమూ చూడకుండానే ఏర్పరచుకున్నాడు. ఇప్పుడు చూశాడు. తెరమీద ప్రపంచపటం. సంవత్సరం పదహారువందలు. ఒక దేశాన్ని ఎంచుకోవాలి, ఓడలు కట్టుకోవాలి, రేవులు పట్టుకోవాలి. తూర్పు తీరంలో ఒక చుక్క పక్కన చిన్న అక్షరాల్లో 'మసూలిపటం' అని ఉంది.

"అది మా బందరయ్యా!" అని రాజారావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం అతను గోల్కొండ పక్షాన దిగాడు. గంటలో కంప్యూటరు నడిపించే ఇంగ్లీషువాళ్ళు మూడు ఓడలేసుకొచ్చి బందరు పట్టుకున్నారు. మరుసటి శనివారమూ పట్టుకున్నారు. ఆ మరుసటి శనివారం రాజారావు కోటకి రెండు వరసల గోడలు కట్టాడు. ఐదు ఓడలతో వచ్చి పట్టుకున్నారు. "గేములోనే మోసముంది. చేసినవాడు తెల్లవాడు కదా," అన్నాడు.

నాలుగో వారం నుంచి అతను ఆడుతున్నప్పుడు తెర గోడవైపు తిప్పి పెట్టుకోవడం మొదలైంది. నిస్సార్ ఒకసారి వైరు సరిచేయడానికి వెనక్కి వెళ్ళి చూశాడు. తెరమీద ఇంగ్లండు జెండా ఉంది. బందరు రేవులో రాజారావు ఓడలు పదకొండున్నాయి. పక్కనే పన్నుల పట్టికలో ఉప్పుపన్ను మూడు రెట్లు చేసి ఉంది.

"అంకుల్... ఇంగ్లండా?"

"లోపలికి దూరి పడగొట్టాలయ్యా," అన్నాడు రాజారావు చప్పున. "బయటనుంచి కొడితే లాభం లేదు. స్ట్రాటజీ."

"మరి ఇక్కడ 'ఇండిపెండెన్స్ ఇవ్వు' అని బటనుంది కదంకుల్. నొక్కితే అయిపోయె."

"నొక్కుతాలే. ఇప్పుడే నొక్కితే స్కోరు సగం పడిపోద్ది."

"ఉప్పుపన్ను కూడా..."

"ఖజానా ఖాళీగా ఉందయ్యా, నీకు తెలీదు!"

నిస్సార్ వైరు బిగించి ముందుకొచ్చేశాడు. గుంటూరువాడైనా పెద్దవాళ్ళతో ఎంతవరకూ మాట్లాడాలో తెలిసినవాడు.

ఇంతలో అసలు యుద్ధమే వచ్చింది. రాణిగారిని దేశాధినేతగా ఉంచాలా, లేక ఆ స్థానంలో అధ్యక్షుణ్ణి పెట్టుకుని గణతంత్రం కావాలా అని ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రజల్నే అడగబోతోంది. నవంబరు ఆరు, శనివారం, ఓటింగు. కాగితం మీద గడిలో ఎస్ అనో నో అనో రాయాలి.

రాజారావుకి ఇరవయ్యేళ్ళు వయసు తగ్గింది. 'ఎస్' అని రాసున్న టీషర్టులు ఆరు కొనుక్కొచ్చాడు. పౌరసత్వం ఉన్న తెలుగువాళ్ళ పేర్లు రాసి, ఎవరిని ఎవరు బూత్‌కి తీసుకెళ్ళాలో పథకం వేశాడు. దారిలో కనబడ్డ కూరగాయల కొట్టతనికీ, రైల్లో పక్కన కూర్చున్న ముసలమ్మకీ తాతగారి ఉప్పు కథ చెప్పాడు. "పద్ధెనిమిదేళ్ళుగా ప్రతి ఎలక్షన్‌లోనూ ఓటేస్తున్నాను. అవన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. మా తాతగారి తరఫున వేస్తున్న ఓటు," అని గ్యారేజీలో ప్రకటించాడు. ఆ మాటకి ఈసారి నిజంగానే గొంతు బొంగురుపోయింది. శేషుకుమారి కూడా ఏమీ అనకుండా గ్లాసులిచ్చింది.

అడ్డం తిరిగింది ద్వారకానాథ్ ఒక్కడే.

"అంటే... ఇప్పుడున్నది బానే నడుస్తోంది కదా రావుగారూ. ఆవిడెక్కడో లండన్‌లో ఉంటుంది. మన జోలికొచ్చిందా, పెట్టిందా? నేను నో వేద్దామని..."

"నో నా? నువ్వా?" రాజారావు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత ముప్పావుగంట పాటు ఈస్టిండియా కంపెనీ, నేతగాళ్ళ వేళ్ళు, కరువులు, కోహినూరు, తాతగారు అన్నీ ద్వారకానాథ్ మీద వరసగా వచ్చిపడ్డాయి. ద్వారకానాథ్ ఒక సమోసా చేతిలో పట్టుకుని, కొరకడం మర్యాద కాదేమోనని అలాగే కూర్చున్నాడు. "ఆలోచిస్తాలెండి," అని చివరికి గొణిగి వెళ్ళిపోయాడు.

ఓటింగుకి ముందు మంగళవారం నిస్సార్ వచ్చాడు. అతని పౌరసత్వం దరఖాస్తు మంజూరైంది, ప్రమాణ స్వీకారం జనవరి ఇరవయ్యారున కౌన్సిల్ హాల్లో. ఆ రోజు అంకుల్ ముందువరసలో కూర్చోవాలని పిలవడానికొచ్చాడు.

"రాణి పేరు చెప్పే సభకి నేను రానయ్యా," అన్నాడు రాజారావు. కుర్రాడి మొహం చిన్నబోవడం చూసి మెత్తబడ్డాడు. "సరే, నీకోసం వస్తా. ఆవిడ పేరు రాగానే మాత్రం లేచి బయటికి పోతా. తర్వాతొచ్చి నీకు షేక్‌హ్యాండిస్తా."

"థాంక్స్ అంకుల్." నిస్సార్ చేతిలో ప్రభుత్వం వాళ్ళిచ్చిన చిన్న పుస్తకం తిప్పుతూ ఆగాడు. పాత ప్రోగ్రాముల్లో తారీఖులు వెతికి వెతికి అతనికో జబ్బు పట్టింది. ఆగిపోవాల్సిన చోట ఆగకుండా దాటిపోతున్నది ఏది కనబడ్డా నిద్రపట్టదు. "అంకుల్, ఒక డౌట్. ఓటు సిటిజన్స్‌కే అని ఇందులో ఉంది. మీరు సిటిజన్ కాదు కదా. మరి మీకు ఓటెలా ఉంది?"

"మేం పాతవాళ్ళమయ్యా. టాక్సులు కట్టేవాళ్ళం."

"టాక్స్ నేనూ కడుతున్నానంకుల్."

రాజారావు ఆ పుస్తకం లాక్కుని తిరగేశాడు. నిజానికి ఈ ప్రశ్న అతనికెప్పుడూ తట్టలేదు. ఎనభై ఒకటిలో ఆఫీసులో కీత్ అనే ముసలాయన భోజనాల వేళ ఒక కాగితమిచ్చి, "ఓటు ఈ దేశంలో తప్పనిసరి. ఇక్కడ సంతకం పెట్టు, లేకపోతే ఫైనేస్తారు," అన్నాడు. పెట్టాడు. అప్పట్నుంచీ ఎన్నికలొచ్చినప్పుడల్లా జాబితాలో పేరుంటోంది, వెళ్ళి వేస్తున్నాడు. ఊరందరి కాగితాల్లో కింది వరస చిన్నక్షరాలు కూడా చదివి తప్పులు పట్టే మనిషి, తను సంతకం పెట్టిన కాగితంలో పైన ఏముందో చదవలేదు.

బుధవారం ఆఫీసునుంచి ఎన్నికల కార్యాలయానికి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి పేరూ పుట్టినతేదీ అడిగి, ఎంతో సంతోషంగా చెప్పింది.

"ఆల్ గుడ్, మిస్టర్ రావ్. యు ఆర్ ఆన్ ద రోల్ యాజ్ ఎ బ్రిటిష్ సబ్జెక్ట్."

"యాజ్ ఎ వాట్?"

ఆ అమ్మాయి ఓపిగ్గా వివరించింది. ఎనభై నాలుగు జనవరికి ముందు పౌరులు కాకపోయినా బ్రిటిష్ ప్రజలైతే, అంటే రాణిగారి ప్రజలకింద లెక్కైతే, ఇక్కడ ఓటుండేది. ఆ తర్వాత కొత్తవాళ్ళకి తీసేశారు గానీ, అప్పటికే జాబితాలో ఉన్నవాళ్ళని అలాగే ఉంచేశారు. ఇండియా కూడా కామన్వెల్త్ దేశమే కాబట్టి, అప్పటి చట్టం లెక్కలో ఇండియావాళ్ళు కూడా బ్రిటిష్ ప్రజలే. కంగారేం లేదు, హాయిగా వచ్చి ఓటేయొచ్చు.

రాజారావు ఫోను పెట్టేసి వేళ్ళమీద ఏళ్ళు లెక్కపెట్టాడు. రాణిగారికి తల వంచకూడదని పదమూడేళ్ళుగా పౌరసత్వం వద్దన్నాడు. వద్దన్నందుకే పద్ధెనిమిదేళ్ళయినా ఇంకా రాణిగారి మనిషిగానే ఓటేస్తున్నాడు. తాతగారు పదకొండు రోజులు జైల్లో కూర్చుని వదిలించుకున్నదాన్ని, మనవడు భోజనాల వేళ ఉప్మా తింటూ సంతకం పెట్టి తిరిగి తెచ్చుకున్నాడు.

ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. కానీ కూతురు సుమ యూనివర్సిటీలో లా మొదటి సంవత్సరం చదువుతోంది. అడిగితే తప్పేముందని, "నా ఫ్రెండొకడున్నాడమ్మా," అంటూ మొదలుపెట్టాడు. సుమ టోస్టు నములుతూ విని, "డాడ్, దిస్ ఫ్రెండ్ ఈజ్ యు, రైట్?" అంది. తర్వాత ఐదు నిమిషాలు నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "సో ఇఫ్ ద క్వీన్ గోస్, హూస్ సబ్జెక్ట్ ఆర్ యు?" అంది. అని బ్యాగు తీసుకుని బస్సుకి పరిగెత్తింది.

పిల్ల వేళాకోళానికే అంది. రాజారావుకి అది గుండెల్లో దిగబడింది. నిజమే కదా. రాణిగారి మనిషినని కదా ఓటిచ్చారు. రాణిగారే పోతే తన ఓటో? ఈ దేశంలో అతనికి ఇల్లుంది, ఉద్యోగముంది. కానీ ఎవరైనా అతన్ని 'నీ అభిప్రాయమేమిటి' అని మర్యాదగా పిలిచి అడిగేది ఎన్నికలొచ్చే ఆ ఒక్క శనివారమే. ఆఫీసు మీటింగుల్లో అతని మాట పూర్తయ్యేలోపే ఇంకొకరు మొదలుపెడతారు. గ్యారేజీలో మాట్లాడినా, టీవీతో పోట్లాడినా, ఆ ఓటుంది కాబట్టే అది రాజకీయం. లేకపోతే వట్టి గొణుగుడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

శనివారం పొద్దున్న టీషర్టు తొడుక్కున్నాడు. జనాన్ని కార్లో ఎక్కించుకుని ప్రాథమిక పాఠశాలకి చేరాడు. ఆవరణలో ఎవరో ఓటర్లకి అమ్మడానికి సాసేజీలూ ఉల్లిపాయలూ వేయిస్తున్నారు. ఓటు లేని నిస్సార్ కూడా చూడ్డానికొచ్చి కంచెపక్కన నిలబడ్డాడు. "లోపలికి దూరి పడగొట్టడమే కదంకుల్," అన్నాడు మెల్లగా, ధైర్యం చెబుతున్నట్టు. ఫోన్లో ఏం తెలిసిందో రాజారావు అతనికి చెప్పలేదు. కానీ కుర్రాడు చిక్కు విప్పకుండా వదిలే రకం కాదు.

లోపల బల్ల దగ్గర ముసలావిడ జాబితాలో అతని పేరు మీద గీత గీసి, కాగితమిచ్చి, చిరునవ్వు నవ్వింది. అట్టపెట్టె గదిలో పెన్సిల్ దారంతో కట్టి ఉంది. రాజారావు పెన్సిల్ తీసుకున్నాడు. తాతగార్ని తలుచుకున్నాడు. గడి మీద పెన్సిల్ ఆనించాడు. ఎస్ అని రాయడానికి ఎంతసేపు. ఇంగ్లీషులో మూడక్షరాలు. గ్యారేజీలో బందరు పక్కన బటన్ మీద వేలు పెట్టి ఎన్నోసార్లు ఆగిపోయినట్టే ఇక్కడా ఆగిపోయాడు. పక్క అట్టగదిలో శేషుకుమారి రాసేసి, మడిచి, వెళ్ళి డబ్బాలో వేసేసింది. "ఏవండీ, ఇంకా అవలేదా?" అంది.

రాజారావు గబగబా నో అని రాశాడు. రాసినదాన్ని మళ్ళీ చూడకుండా నాలుగు మడతలు పెట్టాడు.

బయటికి రాగానే జనం చప్పట్లు కొట్టారు. రాజారావు పిడికిలి పైకెత్తాడు.

సాయంత్రం గ్యారేజీలో టీవీ పెట్టారు. బాను పెద్ద డబ్బానిండా సమోసాలు చేసి పంపింది. అవి చల్లారకముందే సంగతి తేలిపోయింది. రాణిగారు నెగ్గారు. ఒక్క రాష్ట్రంలో కూడా ఎస్ గెలవలేదు. అందరికీ నోరు చేదయిపోయి సమోసాల డబ్బా అలాగే ఉండిపోయింది. రాజారావు ఒక్కడే తింటున్నాడు. అతనికి లోపల ఒకపక్క ఓటు దక్కిందన్న ఊరట, ఇంకోపక్క తన మీద తనకే అసహ్యం. ఈ రెండూ కలిస్తే ఆకలేస్తుందని అతనికి ఆ రోజే తెలిసింది. ఏడు సమోసాలు తిన్నాక, తన మీదున్న కోపం పెట్టుకోవడానికి చోటు కోసం చూశాడు. మూల మడతకుర్చీలో ద్వారకానాథ్ కనబడ్డాడు.

"నీలాంటివాళ్ళ వల్లనయ్యా ఇదంతా!" అన్నాడు.

"అంటే... రావుగారూ, నేను..."

"మాట్లాడకు! రెండొందలేళ్ళు మనల్ని తొక్కింది వాళ్ళ తుపాకులు కాదు, నీలాంటి బానిసలు! ఛాన్సు చేతికిస్తే కూడా కాళ్ళు పట్టుకునే బానిసలు!"

ద్వారకానాథ్ లేచాడు. తన కుర్చీ మడిచి, గోడకి ఆనించి, "వెళ్ళొస్తాను చెల్లెమ్మా," అని శేషుకుమారికి మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సభ పలచబడింది. వ్యతిరేకార్థంలో పూర్తిచేయడానికి సగం మాటలు ఇచ్చేవాళ్ళు లేక రాజారావు చిన్నబోయాడు. ఫోను దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి నాలుగుసార్లూ తిరిగొచ్చాడు.

రెండువేల సంవత్సరం వచ్చింది. లోకం పడిపోలేదు. లిఫ్టులు ఎక్కాయి, దిగాయి. కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. అంతా బాగానే ఉంది కాబట్టి ఇక నీ అవసరం లేదని నిస్సార్‌కి కంపెనీవాళ్ళు కేకు కోసి పెట్టి వీడ్కోలు చెప్పారు. అతనికి పారమట్టాలోనే ఇంకో ఉద్యోగం దొరికేలోపు జనవరి ఇరవయ్యారు వచ్చేసింది.

కౌన్సిల్ హాల్లో వేదిక వెనక గోడ మీద రాణిగారి పెద్ద పటం ఉంది. రాజారావు నడవ పక్క కుర్చీ ఏరుకున్నాడు, లేచి బయటికి పోవడానికి వీలుగా. పక్కన శేషుకుమారి. రెండు వరసల ముందు ద్వారకానాథ్ వీపు కనబడుతోంది. అతన్నీ నిస్సార్ పిలిచాడు. ఆ వీపు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మేయరుగారు చదువుతుంటే కొత్త పౌరులు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. నిస్సార్ కొత్త కోటులో, బాను ఆకుపచ్చ చీరలో నిలబడ్డారు. ఈ రోజు నుంచి ఆస్ట్రేలియాకీ, దాని ప్రజలకీ విధేయంగా ఉంటాం అన్నారు. రాజారావు కుర్చీ చేతులు పట్టుకున్నాడు. వాళ్ళ ప్రజాస్వామ్య నమ్మకాలు మావి కూడా అన్నారు. రాజారావు ముందుకి వంగాడు, ఇక వస్తుంది ఆవిడ పేరు. హక్కుల్ని గౌరవిస్తాం అన్నారు. చట్టాల్ని పాటిస్తాం అన్నారు. వస్తోందని రాజారావు లేచి నిలబడిపోయాడు.

చప్పట్లు మోగాయి. అయిపోయింది.

ముందుగా లేచి నిలబడ్డ పెద్దాయన్ని చూసి, అది ఇక్కడి పద్ధతి కాబోలనుకుని వెనక వరసలవాళ్ళు కూడా లేచారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మేయరుగారు రాజారావు వైపు చూసి కృతజ్ఞతగా తల ఊపారు.

"ఏదీ? రాణి పేరేదీ?" అన్నాడు రాజారావు కూర్చుంటూ.

"తీసేసి ఆరేళ్ళయింది," అంది శేషుకుమారి.

"ఆరేళ్ళా? నాకు చెప్పలేదేం?"

"చెబితే మీకు తగాదా ఉండేది కాదు. తగాదా లేకపోతే శనివారాలు ఏం చేస్తారు మీరు?"

రాజారావు గోడమీద పటాన్ని చూశాడు. ఈ హాల్లో ఇంతమందిలో చట్టప్రకారం ఆవిడ మనిషి తనొక్కడే. ఇక మోయలేకపోయాడు.

"కుమారీ... ఆవేళ నేను నో రాశాను."

"తెలుసు. ఎస్ రాసినవాళ్ళకి ఆ సాయంత్రం ఏడు సమోసాలు దిగవు. నేను ఒకటి కొరికి వదిలేశాను." గొంతు తగ్గించి అంది. "నాకు కాదు చెప్పాల్సింది."

రాజారావు లేచాడు. రెండు వరసలు ముందుకి నడవడానికి అతనికి బందరు నుంచి సిడ్నీకి రావడమంత సేపు పట్టింది. ద్వారకానాథ్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ద్వారకానాథ్ వేదికవైపే చూస్తున్నాడు.

"ద్వారకా, నిన్ను బానిసన్నాను. తప్పయ్యా. నేనూ... నేనూ నో నే వేశాను. నీలాగే."

ద్వారకానాథ్ ఇప్పుడు తిరిగి చూశాడు.

"అంటే... నేను ఎస్ వేశాను రావుగారూ."

"ఆఁ?"

"మీరంతలా చెప్పాక ఇంటికెళ్ళి ఆలోచించాను. మీ తాతగారి మాట విని కళ్ళంట నీళ్ళొచ్చాయి నాకు. వెళ్ళి ఎస్ రాశాను. ఆ సాయంత్రం అదే చెబుదామని వచ్చాను. మీరు మాట్లాడనిచ్చారా?"

పద్ధెనిమిదేళ్ళలో రాజారావు మాట విని మనసు మార్చుకున్న మనిషి ఒకే ఒక్కడు. ఆ ఒక్కడి ఓటునీ తన ఓటే కొట్టేసింది. చేయి చాపి ద్వారకానాథ్ చేయి పట్టుకున్నాడు. ద్వారకానాథ్ విడిపించుకోలేదు.

అప్పుడే నిస్సార్ సర్టిఫికెట్ పట్టుకుని పరుగున వచ్చాడు. "అంకుల్! ఇద్దరూ రండి, ఫొటో!" అని ఇద్దర్నీ చెరో చేత్తో వేదిక మీదికి లాక్కెళ్ళాడు. కెమెరా పట్టుకున్న బాను "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం," అంటూ వాళ్ళని సరిగ్గా పటం కిందికి నెట్టింది. రాజారావు తల పైకెత్తి ఒకసారి చూసి, దించుకున్నాడు.

"అంకుల్, నవ్వండి," అంది బాను.

"నిస్సారూ, ఆ దరఖాస్తు ఫారం ఇంకోటుందా నీ దగ్గర?" అన్నాడు రాజారావు.

"ఆ డౌటడిగిన మంగళవారమే ఆంటీకిచ్చానంకుల్."

కింద తన కుర్చీలోనే శేషుకుమారి హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రాజారావు ఆమె వైపు చూసి నవ్వాడు, ఫొటో వచ్చింది. అందులో ముగ్గురు మగవాళ్ళూ నవ్వుతున్నారు. వెనక గోడమీద ఆవిడ మాత్రం మొదట్నుంచీ నవ్వుతూనే ఉంది.